ఎన్నూరునకు ఇనుపదారి

కొండలకన్న చదునునేలపై రైలు ముందు నడచియుండు ననుకొనుట సహజము. ఎన్నూరు విషయమున ఇది తలక్రిందయినది. బొంబాయి మార్గముతో కలియుటకై మదరాసు రైల్వేవారు తమ దారిని 1871 నాటికే రాయచూరు చేర్చిరి. కడప ప్రయాణికుడు శేషాచలపు కొండల నడుమ రేణిగుంటకు దిగి, అరక్కోణము మీదుగా మదరాసు చేరెడివాడు. కొండలు దాటించిన రైలు, చేరువనున్న ఎన్నూరునకు మాత్రము లేదు! బండిబాట కాదన్నచో, 1806లో త్రవ్వ నారంభించిన కాలువలో పడవయే గతి. ఉప్పును, వంటచెరకును మదరాసునకు మోసిన ఆ కాలువయే బకింగుహాం కాలువయై, ఉత్తరమున పెద్దగంజాము వరకు సాగినది. తీరమున రైలు ఆలస్యమగుటకు ఈ పడవల సౌకర్యమును ఒక కారణమని తోచుచున్నది. 1899లో బెజవాడ–మదరాసు మార్గము ఎన్నూరు మీదుగా పూర్తియయ్యెను. అటుపిమ్మట కడపవారు మదరాసులో పడవ వెదకక, మరియొక బండి యెక్కిరి.