హైదరాబాదు అడిగిన ప్రశ్న: గర్భనిరోధక మాత్రలు - పోషకాహారం - సమ్మతి

నోటి ద్వారా తీసుకునే గర్భనిరోధక మాత్ర చరిత్రను సాధారణంగా 1956లో ప్యూర్టోరికోలో జరిగిన క్షేత్ర పరీక్షలతోను, 1960లో అమెరికా ప్రభుత్వం ‘ఎనోవిడ్’కు ఇచ్చిన అనుమతితోను మొదలుపెడతారు. ఆ కథనంలో హైదరాబాదు కనిపించదు. అయితే ఈ మాత్ర ఎలాంటి శరీరంలోకి వెళుతోందన్న ప్రశ్నను 1970లలో శాస్త్రీయంగా అడిగిన సంస్థలలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఒకటి. తెలుగు నేలపై ఈ మాత్ర చరిత్రను అక్కడి నుండి చూడడం సమంజసమని నా అభిప్రాయం.

మొదట వచ్చినవి సంయుక్త మాత్రలు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లూ వాటిలో ఉంటాయి. రక్తంలో ఇవి నిలకడగా ఉన్నంతకాలం పీయూష గ్రంథి నుండి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్ల విడుదల తగ్గుతుంది. అండం పక్వమై బయటపడదు. గర్భాశయ ముఖద్వారం వద్ద జిగురు చిక్కబడి వీర్యకణాలను అడ్డగిస్తుంది. గర్భాశయ లోపొర పలచబడుతుంది. తొలి ఎనోవిడ్‌లో ప్రొజెస్టిన్ సుమారు 10 మిల్లీగ్రాములు, ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు. మన ప్రభుత్వ కార్యక్రమంలోని ‘మాలా-ఎన్’లో ఉన్నవి 0.15 మిల్లీగ్రాముల లెవొనార్జెస్ట్రెల్, 30 మైక్రోగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయోల్ మాత్రమే. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఈస్ట్రోజెన్ మోతాదుతో ముడిపడి ఉందని తేలడం ఈ తగ్గుదలకు ప్రధాన కారణం. 28 మాత్రల ఆ పొట్లంలో చివరి ఏడూ హార్మోన్లు లేని ఇనుము మాత్రలు.

పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఎఫ్. అహ్మద్, మెహతాబ్ బాంజీ, లీలా అయ్యంగార్ 1975లో ప్రచురించిన పరిశోధన ప్రత్యేకించి గమనించదగినది. పాశ్చాత్య దేశాల అధ్యయనాలలో మాత్ర వాడినవారు ఎక్కువగా తిండికి లోటు లేని స్త్రీలు. ఇక్కడ పరిశీలించినవారు అల్పాదాయ వర్గాల స్త్రీలు. నోటి పూతల రూపంలో కనిపించే బి-విటమిన్ల కొరత వారికి ముందునుండీ ఉన్న సమస్యే. ఈస్ట్రోజెన్ ప్రభావం వల్ల ట్రిప్టోఫాన్ జీవక్రియ మారి పిరిడాక్సిన్ అవసరం పెరిగినట్లు కనిపించడం అప్పటికే చర్చలో ఉంది. అందువల్ల రిబోఫ్లేవిన్, పిరిడాక్సిన్ వంటి విటమిన్ల స్థితిని రక్తపరీక్షలతో కొలవవలసి వచ్చింది. మాత్ర మంచిదా చెడ్డదా అన్నది ఆ పరిశోధనలోని ప్రశ్న కాదు. ఆకలిని లెక్కలోకి తీసుకోకుండా ఔషధ ప్రభావాన్ని అంచనా వేయగలమా అన్నదే ప్రశ్న. ఋతుస్రావం తగ్గడం వల్ల రక్తహీనత ఉన్న స్త్రీకి ఇదే మాత్ర మేలు చేయగలదన్న విషయాన్ని కూడా ఈ సందర్భంలోనే గుర్తుంచుకోవాలి.

రెండవ రకం ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న మాత్ర. ఈస్ట్రోజెన్ పాల ఉత్పత్తిని తగ్గించే అవకాశం ఉన్నందున పాలిచ్చే తల్లులకు దీనిని సూచిస్తారు. పాత రకాలు ప్రధానంగా ముఖద్వారపు జిగురుపై ఆధారపడతాయి కనుక రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. వీటిలో వాడిన నోరెథిస్టిరాన్‌నే రెండు నెలలకొకసారి ఇచ్చే సూదిమందుగా మార్చినప్పుడు దాని పేరు ‘నెట్-ఎన్’. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ సూదిపై పరీక్ష మొదలైనప్పుడు హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన జోక్యం చేసుకుంది. అది ప్రయోగమన్న సంగతే అక్కడి స్త్రీలకు తెలియదన్నది సంఘటన ఆరోపణ. 1986లో ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించింది. మాత్రను స్త్రీ ఏ రోజైనా మానేయవచ్చు, శరీరంలోకి వెళ్ళిన సూదిని వెనక్కి తీసుకోలేదు. సమ్మతి గురించిన వాదానికి బలమంతా ఈ తేడాలోనే ఉంది.

ఆ వ్యాజ్యంలో భాగస్వామి అయిన ఢిల్లీ సంఘం పేరు ‘సహేలీ’. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన సెంట్‌క్రోమన్ 1991లో మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికి పెట్టిన పేరూ అదే! సెంట్‌క్రోమన్ స్టెరాయిడ్ కాదు; ఈస్ట్రోజెన్ గ్రాహకాలపై పనిచేసి, ఫలదీకరణ చెందిన అండం గర్భాశయంలో నిలదొక్కుకోకుండా చూస్తుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికొకసారి. ప్రభుత్వ కార్యక్రమంలో దీని పేరు ‘ఛాయ’. అత్యవసర మాత్ర సంగతి వేరు. అది అండం విడుదలను ఆలస్యం చేస్తుందే గాని నిలిచిన గర్భాన్ని తొలగించదు.

ఇంత పరిశోధన, ఇంత వివాదం జరిగిన ప్రాంతంలో మాత్ర వాడకం ఎప్పుడూ స్వల్పమే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో 68 శాతం మంది వరకు శస్త్రచికిత్స చేయించుకున్నవారే. మాత్రలు వాడేవారు ఒక శాతం కూడా లేరు. లక్ష్యాలు, శిబిరాలు, ప్రోత్సాహకాల చుట్టూ అల్లుకున్న కుటుంబ నియంత్రణ వ్యవస్థకు ఒక్కసారితో ముగిసే ఆపరేషనే అనుకూలించింది. రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోవలసిన మాత్రకు అంతకంటే వేరైన సంబంధం కావాలి: ప్రశ్నించగల స్త్రీ, జవాబు చెప్పగల ఆరోగ్య కార్యకర్త. స్త్రీశక్తి సంఘటన పూనికతో తెలుగులో వెలువడిన ఆరోగ్య గ్రంథానికి ‘సవాలక్ష సందేహాలు’ అని పేరు పెట్టడం ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.