రెండు సాయంత్రాలు

1948 ఏప్రిల్ 8న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో పుచ్చీనీ ఆపెరా 'మదామా బటర్‌ఫ్లై' ఆడుతున్నారు. నౌకాదళ అధికారి పింకర్టన్ వేషం కట్టింది ఇరవయ్యేడేళ్ల కుర్రాడు. ఒక రోజు విరామమిచ్చి, 10వ తేదీన మళ్లీ అదే వేషం కట్టాడు. ఊరు మెచ్చుకుంది. వచ్చే ఏడు వచ్చి వెర్డీ 'లా త్రావియాటా'లో ఆల్ఫ్రెడో పాత్ర పాడమని పిలిచారు. అలాగేనన్నాడు.

ఆ కుర్రాడు మారియో లాంజా. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. అతని గొంతు వినని దేశం లేదన్నంత పేరొచ్చింది. కానీ విద్యార్థిగా పాడినదాన్ని పక్కన పెడితే, ఆపెరా రంగస్థలం మీద ఒక పాత్రను మొదటినుంచి చివరిదాకా పాడింది ఆ రెండు సాయంత్రాలే.

అసలు పేరు ఆల్ఫ్రెడ్ ఆర్నాల్డ్ కొకోజా. 1921 జనవరి 31న ఫిలడెల్ఫియాలో, ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ల పేటలో పుట్టాడు. నాన్న మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన మనిషి. ఆ ఇంట్లో గ్రామఫోను మీద మోగేది ఇటలీ ఆపెరా గాయకుడు ఎన్రికో కరూసో గొంతు. పిల్లవాడు పుట్టిన ఏడాదే ఆగస్టులో కరూసో పోయాడు. ఒకడు పోతూ ఇంకొకడికి అప్పగించి వెళ్లాడని తర్వాత సినిమా ప్రచారకులు ఎంత మురిసిపోయారో! అలాంటి మాటలు కన్నతల్లికి ముద్దు, గాయకుడి నెత్తిన బరువు. ఆ తల్లి పేరు మరియా లాంజా. ఆమె పేరునే మగపేరుగా మార్చి తగిలించుకున్నాడు.

బోస్టన్ సింఫనీ సారథి సెర్గీ కూసెవిట్‌స్కీ ఫిలడెల్ఫియాలో ఇతని పాట విని, ఉపకార వేతనమిచ్చి టాంగిల్‌వుడ్ వేసవి శిక్షణకు పిలిపించాడు. 1942 ఆగస్టులో అక్కడ నికొలాయ్ ఆపెరా 'ది మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్'లో ఫెంటన్ పాత్ర పాడాడు. అప్పటికి ఇరవయ్యొకటి. ఇంతలో యుద్ధం పిలిచింది. వైమానిక దళంలో చేరినా తుపాకీ కంటే పాటే ఎక్కువ అక్కరకొచ్చింది, సైనికుల ప్రదర్శనల్లో పాడాడు. 1945లో బెట్టీ హిక్స్‌ను పెళ్లి చేసుకున్నాడు.

యుద్ధం ముగిశాక దొరికిన గురువు ఎన్రికో రొసాటీ. గొప్ప టెనర్ బెన్యమినో జీలీకి పాఠం చెప్పిన మనిషి. పదిహేను నెలలు ఆయన దగ్గర కూర్చున్నాడు. లాంజా బతుకు మొత్తంలో కుదురుగా నేర్చుకున్న కాలం దాదాపు అదే. పదిహేను నెలలంటే మన దగ్గర వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చీరాని దశ. గొంతు దేవుడిచ్చినదే అయినా, దాన్ని ఏళ్ల తరబడి అరిగిపోకుండా వాడుకోవడం మాత్రం మనిషి నేర్చుకోవాలి.

1947–48లో జార్జ్ లండన్, ఫ్రాన్సెస్ యీండ్‌లతో కలిసి 'బెల్ కాంటో త్రయం' పేరుతో ఊరూరా తిరిగి 86 కచేరీలు చేశాడు. లండన్, యీండ్ తర్వాత ఆపెరాలోనే స్థిరపడ్డారు. ముగ్గురిలో గొంతుకు మెరుపు ఎక్కువ ఉన్నవాడు మాత్రం వేరే దారి పట్టాడు. 1947 ఆగస్టులో హాలీవుడ్ బౌల్‌లో పాడినప్పుడు విన్నవాళ్లలో ఎంజీఎం సినిమా కంపెనీ అధిపతి లూయీ బి. మేయర్ ఉన్నాడు. ఏడేళ్ల ఒప్పందం చేతిలో పెట్టాడు. అందులో ఏడాదికి ఆరు నెలలు సినిమాకి, మిగతా ఆరు నెలలు గాయకుడి ఇష్టం. ఆపెరాకి వెళ్లే తలుపు కాగితం మీద తెరిచే ఉంది. ఈ కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఆ ఆరు నెలలే.

ఆపెరా గాయకుడి కష్టం మన పద్యనాటకం చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మైకు లేని రోజుల్లో చివరి వరస చాపమీద కూర్చున్నవాడికి కూడా అక్షరం అక్షరం వినపడేలా రాగం తీయాలి, 'వన్స్ మోర్' అంటే మళ్లీ తీయాలి, తెల్లారేదాకా గొంతు నిలవాలి. ఆపెరాలో దానికి తోడు ఎదురుగా పెద్ద వాద్యబృందం ఉంటుంది, దాన్ని దాటి గొంతు హాలు చివరికి చేరాలి. ఒక్కో పాత్ర ఒంటబట్టడానికి నెలలు పడుతుంది. సినిమాలో మైకు మూతి దగ్గరే ఉంటుంది. మూడు నిమిషాల పాట, నచ్చకపోతే ఇంకోసారి. దానివల్ల పాట చెడిపోతుందని నేననను. ఘంటసాల విజయనగరంలో శాస్త్రీయం నేర్చుకుని సినిమాకి వెళ్లి మనకు తక్కువేమీ చేయలేదు. లాంజా కూడా సినిమా పాటే తన పాట అనుకుని ఉంటే ఇది విషాద గాథ అయ్యేది కాదు. అతను అలా అనుకోలేదు. వచ్చే ఏడు ఆపెరాకి వెళ్తాను కదా అనుకుంటూనే ప్రతి ఏడూ ఇక్కడ పాడాడు.

1949లో మొదటి సినిమా 'దట్ మిడ్‌నైట్ కిస్' వచ్చింది, ఆడింది. న్యూ ఆర్లీన్స్‌లో త్రావియాటా జరగాల్సిన ఏడాది అదే. ఇతను ఆ పాత్ర నేర్చుకోనేలేదు, వెళ్లలేదు. మరుసటి ఏడాది ఏం జరిగిందో చూడండి. ఎంజీఎం 'ది టోస్ట్ ఆఫ్ న్యూ ఆర్లీన్స్' అని సినిమా తీసింది. అందులో ఇతను చేపలు పట్టే కుర్రాడు, ఆపెరా గాయకుడవుతాడు. ముగింపులో క్యాథరిన్ గ్రేసన్‌తో కలిసి పాడేది మదామా బటర్‌ఫ్లై యుగళమే. మాట ఇచ్చి వెళ్లని ఊరిని హాలీవుడ్‌లో సెట్టు వేసి, తను నిజంగా పాడిన పింకర్టన్‌నే అక్కడ ఇంకోసారి పాడాడు. అదే సినిమాలోని ప్రేమపాట 'బీ మై లవ్' రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఇక రేడియో తిప్పితే అతనే.

1951లో 'ది గ్రేట్ కరూసో' వచ్చింది. చిన్నప్పుడు గ్రామఫోనులో విన్న మనిషి వేషం కట్టాడు. ఆ ఏడాది అన్నిటికంటే బాగా ఆడిన సినిమాల్లో అదొకటి. ఆగస్టులో 'టైమ్' పత్రిక ముఖచిత్రంగా వేసింది. అసలు కరూసో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో ఎనిమిది వందలకు పైగా ప్రదర్శనల్లో పాడాడు. తెర మీది కరూసో ఖాతాలో న్యూ ఆర్లీన్స్ రెండు సాయంత్రాలే ఉన్నాయి. పైగా అసలు గాయకులు, విమర్శకులు తనను సినిమావాడని తీసిపారేస్తారన్న బెంగ అతన్ని తొలిచేది. బెంగకు మందు తిండి, ఆ తర్వాత తాగుడు. ఒళ్లు పెరిగేది, షూటింగ్ ముందు కడుపు మాడ్చుకుని తగ్గేవాడు, సినిమా అయ్యాక మళ్లీ పెరిగేవాడు. ఊపిరి మీద నిలబడే విద్యకు ఇంతకంటే చెరుపు ఏముంటుంది?

1952లో 'ది స్టూడెంట్ ప్రిన్స్' మొదలైంది. పాటల రికార్డింగ్ అయిపోయింది. ఒక పాట పాడిన తీరు మీద దర్శకుడితో మాటామాటా పెరిగింది, లాంజా సెట్టుకి రావడం మానేశాడు. కంపెనీ అతన్ని తీసేసింది. పాటలు మాత్రం కంపెనీవే. 1954లో ఆ సినిమా బయటికొచ్చింది. తెర మీద ఎడ్మండ్ పర్డమ్ అనే ఆంగ్ల నటుడు పెదవులు కదుపుతాడు, వినపడేది లాంజా గొంతు.

అదే ఏడాది శరత్కాలంలో, చాలా రోజుల తర్వాత టీవీలో కనిపించాడు. మళ్లీ కడుపు మాడ్చుకుని నీరసించిపోయి ఉన్నాడు. తెర మీద పాడలేదు, తన పాత రికార్డులకే పెదవులు కదిపాడు. జనం కనిపెట్టేశారు. గొంతు పోయిందన్నారు. ఆ అపవాదు తట్టుకోలేక విలేఖరులను ఇంటికి పిలిచి, ఎదురుగా నిలబడి పాడి వినిపించాడు. గొంతు చెక్కుచెదరలేదని వాళ్లు ఒప్పుకున్నారు. ముప్పై మూడేళ్లవాడు తన గొంతు తనదేనని రుజువు చేసుకోవాల్సొచ్చింది. ఇతని కథలో చావు కంటే ఆ రోజే నాకు ఎక్కువ గుర్తుంటుంది.

1955లో లాస్ వెగాస్‌లో పెద్ద పారితోషికానికి ఒప్పుకుని తొలిరోజే వేదిక మీదికి రాలేకపోయాడు. 1956లో 'సెరెనేడ్' చేశాడు. 1957లో కుటుంబంతో రోమ్‌కి మారాడు. అక్కడ తీసిన 'సెవెన్ హిల్స్ ఆఫ్ రోమ్'లో పెర్రీ కోమో, డీన్ మార్టిన్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ల గొంతులను అనుకరించి నవ్విస్తాడు. ఆ సన్నివేశం చూస్తే నవ్వొస్తుంది. ఎవరి గొంతైనా అలవోకగా పలికించాడు కదా అని ముచ్చటా వేస్తుంది.

రోమ్‌లో పాత ఆశ మళ్లీ చిగురించింది. 1960–61 సీజన్‌కి రోమ్ ఆపెరాలో 'పల్యాచీ' పాడే మాట నడిచింది. కానియో పాత్ర. గుండె పగిలిపోతున్నా మొహానికి రంగు పూసుకుని జనాన్ని నవ్వించాల్సిన నాటకాలవాడు. ఇతని కోసమే రాసినట్టుండే పాత్ర అది, ఇతనికి చేరలేదు. రక్తపోటు, కాలి సిరల వాపు, తగ్గని తాగుడు. 1959 అక్టోబరు 7న రోమ్‌లోని ఒక ఆసుపత్రిలో పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. మాఫియా చంపించిందని పుకారు లేచింది, ఇప్పటికీ చెప్పుకునేవాళ్లున్నారు. పదేళ్లుగా ఆ ఒంటిని అతను పెట్టిన హింస చాలదా, వేరే హంతకుడెందుకు?

రోమ్, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజిలిస్, మూడు ఊళ్లు అతన్ని సాగనంపాయి. ఐదు నెలలకే, 1960 మార్చిలో, బెట్టీ కూడా పోయింది. నలుగురు పిల్లలు మిగిలారు.

ఇంకొక్క సంగతి ఉంది. బార్సిలోనాలో ఓ ఆరేళ్ల పిల్లవాడు 'ది గ్రేట్ కరూసో' చూసి ఇంటికొచ్చి, ఆ పాటలే అదేపనిగా పాడసాగాడు. ఇంట్లోవాళ్లు పోరు పడలేక ఊరుకోమంటే స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుని పాడేవాడట. పేరు హోసే కరేరాస్, ముందుముందు పెద్ద ఆపెరా గాయకుడు కాబోయేవాడు. 1958 జనవరిలో, పదకొండేళ్లకే, బార్సిలోనా లిసేయూ ఆపెరా హాల్లో మాన్యుయెల్ దె ఫాయా రచనలో బాలకథకుడిగా మొదటిసారి రంగం ఎక్కాడు. అదే చలికాలంలో లాంజా కాలు నొప్పితో యూరప్ ఊళ్లు తిరుగుతూ కచేరీలు చేస్తున్నాడు. మైకు లేకుండానే పాడాడు. కార్యక్రమంలో ఆపెరా పాటలు కొన్ని, సినిమా పాటలు కొన్ని.