ఘోషాసుపత్రి: ఒక మాట వెనుక చరిత్ర

విశాఖపట్నం పాత నగరంలో విక్టోరియా ఆసుపత్రి ఎక్కడని అడిగితే కొందరు తడుముకుంటారు. ఘోషాసుపత్రి అంటే మాత్రం ఆటో అబ్బాయి తిన్నగా తీసుకుపోయి దింపుతాడు. మన కోటవురట్ల, నర్సీపట్నం వైపు పెద్దవాళ్ళకూ ఆ పేరే తెలుసు. తెలుగులో ఘోష అంటే ఏడుపు, గోల. కాన్పుల ఆసుపత్రి కదా, అందుకే ఆ పేరు వచ్చిందని అనుకునేవారూ ఉన్నారు. నిజానికి ఇది ఫారసీ నుంచి మన ఉర్దూలోకి, అక్కడి నుంచి తెలుగులోకి వచ్చిన మాట. గోషా అంటే మూల, ఏకాంత స్థలం. పరదా పాటించే ఆడవాళ్ళను గోషా స్త్రీలు అనేవారు. వారికోసం పెట్టిన ఆసుపత్రి గోషా ఆసుపత్రి. జనం నోట అది ఘోషాసుపత్రి అయింది.

స్త్రీలు వైద్యసేవ చెయ్యడం మనకు కొత్త కాదు. హిజ్రీ 5లో ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ (రజి)కు మదీనా మసీదు ఆవరణలో వేసిన గుడారంలో చికిత్స జరిగింది. ఆ గుడారంలో గాయాలకు మందు వేసినది రుఫైదా (రజి) అనే మహిళ అని చరిత్రకారులు వ్రాశారు.

పందొమ్మిదో శతాబ్దం నాటికి మన దేశంలో పరిస్థితి వేరు. పెద్దాసుపత్రులు వచ్చాయి గాని వాటిలో డాక్టర్లంతా మగవాళ్ళే. ముస్లిం కుటుంబాలే కాదు, జమీందారీ ఇళ్ళలోని హిందూ స్త్రీలు కూడా ఘోషా పాటించేవారు. పరాయి మగవాడికి ఒళ్ళు చూపించడం కన్నా చావే నయమనుకున్నారు. కాన్పు కష్టమైతే తల్లీ బిడ్డా ఇంట్లోనే పోయేవారు.

ఈ బాధను మద్రాసులో కళ్ళారా చూసిన ఒక వకీలు భార్య మేరీ షార్లీబ్. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన నలుగురు స్త్రీలలో ఆమె ఒకరు. తరువాత లండన్‌లో పెద్ద చదువు చదివి 1883లో తిరిగి వచ్చారు. 1885లో మద్రాసులో గోషా స్త్రీలకు ప్రత్యేకంగా ఆసుపత్రి మొదలైంది. దాని భవనానికి మన తెలుగు ప్రభువు వెంకటగిరి రాజావారు లక్ష రూపాయలు ఇచ్చారు. ఇంగ్లీషు డాక్టరమ్మ చెయ్యి, హిందూ రాజు డబ్బు, ఉర్దూ పేరు! ఇంతకన్నా చక్కని కలయిక ఏముంటుంది? 1948లో దానికి కస్తూర్బా గాంధీ పేరు పెట్టారు. మన ఉత్తరాంధ్రలో విశాఖపట్నం, విజయనగరం ఆసుపత్రులకు మాత్రం జనం నోట ఘోషా పేరే నిలిచిపోయింది.

ఈ చరిత్రలో గమనించవలసింది ఒకటుంది. ఆనాటివారు “పరదా వదిలితేనే మందు” అనలేదు. ఎవరు గడప దాటలేకపోతున్నారో చూసి, వారికి తగినట్టు గడపనే మార్చారు.

మరి ఈనాడు మూలన ఉన్నదెవరు? మన ఊళ్ళో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. నర్సీపట్నంలో ఏరియా ఆసుపత్రి ఉంది. 2005 నుంచి 108 బండి ఉంది. లేడీ డాక్టర్లున్నారు. అయినా మా వీధిలో ఒక ముసలమ్మ రొమ్ములో గడ్డను రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. భర్త లేడు, కొడుకు దూరదేశంలో ఉన్నాడు. “చెప్పడానికి సిగ్గు బేటా, వెళ్దామంటే తోడెవరు?” అంది. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. రోజూ ఆ గుమ్మం ముందు నుంచే బడికి వెళ్ళే నేను ఒక్కసారైనా “ఎలా ఉన్నారు ఖాలా?” అని నిలబడి అడగలేదు. ఆ తప్పు నాది కూడా.

ప్రాణావసరంలో స్త్రీ వైద్యురాలు దొరకకపోతే పురుష వైద్యుడికి చూపించుకోవచ్చని మన ఉలమాలు చెప్పే ఉన్నారు. కనుక అడ్డు దీన్ కాదు. సిగ్గు, ఒంటరితనం, చార్జీ డబ్బులు లేకపోవడం.

మన సొసైటీకి నాదొక మనవి. జకాత్, సదఖా నిధుల్లోంచి హక్కుదారులైన పేద రోగులకు దారి ఖర్చు ఇద్దాం. చదువుకున్న మన ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని, ఒంటరి ఖాలాలను ఆసుపత్రికి తీసుకువెళ్ళి, చీటీ రాయించి, మందులిప్పించి ఇంటికి చేర్చాలి. మతం చూడవద్దు, వెంకటగిరి రాజావారు చూడలేదు.

అల్లాహ్ మనకా తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.