బొగ్గుపులుసు వాయువు – పంట దిగుబడి: ఒక భావన చరిత్ర

వాతావరణంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే పంటలు బాగా పండుతాయన్న భావనకు రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ప్రయోగాలలో కనిపించిన ప్రయోజనానికి వచ్చిన ప్రచారం, ఆ ప్రయోజనానికున్న షరతులకు రాలేదని ఈ చరిత్రను పరిశీలిస్తే తెలుస్తుంది.

జెనీవాకు చెందిన నికొలా తియొడోర్ ద సొస్యూర్, ఈ వాయువును అదనంగా కలిపిన గాలిలో బఠానీ మొక్కలను పెంచి, ఫలితాలను 1804లో గ్రంథస్థం చేశాడు. ఎండలోని మొక్కలు ఏపుగా పెరిగాయి; నీడలోని వాటికి అదే వాయువు హాని చేసింది. షరతు తొలినాటి ప్రయోగంలోనే ఉన్నదన్నమాట. శతాబ్దం తరువాత స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్, ఈ వాయువు పెరుగుదల వల్ల భావితరాలకు సమృద్ధిగా పంటలు పండుతాయని ఆశించాడు.

రెండవ షరతు మొక్క జాతికి సంబంధించినది. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ 1966లో చెరకుపై ప్రచురించిన పరిశోధనతో సి4 మార్గం స్పష్టమైంది. చెరకు, జొన్న, మొక్కజొన్న ఆకులోనే ఈ వాయువును సాంద్రీకరించుకుంటాయి. కాబట్టి నీటి ఎద్దడి వేళ తప్ప, గాలిలో అది పెరిగినందువల్ల వాటికి కలిగే లాభం స్వల్పం. వరి, గోధుమ, కంది, వేరుశనగ వంటి సి3 పంటలకే ఎక్కువ మేలు.

మూడవ షరతు ప్రయోగస్థలానిది. తొలి అంచనాలు ఎక్కువగా మూసిన గదులలోని ప్రయోగాలపై ఆధారపడ్డాయి. తరువాత ఆరుబయట పొలంలోనే వాయువును వదిలే పద్ధతి వచ్చింది. ఆ ఫలితాలను స్టీఫెన్ లాంగ్ బృందం 2006లో సమీక్షించి, దిగుబడి పెరుగుదల గదులలో కనిపించినదానిలో సుమారు సగమేనని తేల్చింది.

నాలుగవది గింజ నాణ్యత. 546–586 పీపీఎం స్థాయిలో పండించిన గోధుమలో జింకు 9.3 శాతం, వరిలో ఇనుము 5.2 శాతం తగ్గినట్లు 2014లో మయర్స్ బృందం ప్రకటించింది. 1958లో మౌనా లోవా పర్వతంపై కొలతలు మొదలైనప్పుడు సుమారు 315 పీపీఎం ఉన్న ఈ వాయువు నేడు 420 దాటింది.

వరి అన్నమే ప్రధానాహారమైన తెలుగు ప్రాంతాలకు ఈ చివరి షరతు కీలకమైనది. మనం దిగుబడిని బస్తాలలో లెక్కిస్తాం. గింజలో తగ్గిన ఇనుము, జింకు తూకంలో కనిపించవు. పెరిగిన పంటతో పాటు తరిగిన పోషకాన్నీ లెక్కించినప్పుడే, సొస్యూర్ నాటి నుంచి వస్తున్న ఈ ప్రశ్నకు సమగ్రమైన సమాధానం లభిస్తుంది.