పడవ పూత: ఒక చిన్న మరమ్మతు చరిత్ర

ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు అను సామెత మనకు కలదు. కృతఘ్నుని నిందించుటకు పుట్టిన మాట యది. తెప్పను తగులబెట్టక ఒడ్డునకు లాగి, దానికి తగిలిన చిన్న దెబ్బను తడవి చూచి, ఆ సాయంకాలమే బాగుచేయ మొదలిడిన వానిని గూర్చి మాత్రము మనము అంతగా చెప్పుకొనము. నౌకాచరిత్రలో నావికుల పేర్లును, యుద్ధముల తేదీలును నిలిచినవి. పూత లేచిన చోట బెత్తెడు మేర గీకి మరల పూసిన చేతుల పేర్లు నిలువలేదు. అయినను కొయ్య ఓడలను ఇన్ని శతాబ్దములు నీటిపై నిలిపినది ఆ చేతులే యని మేము తలంతుము.

క్రీస్తుశకము 79లో మరణించిన రోమను పండితుడు ప్లినీ తన ప్రకృతి చరిత్రలో ఓడల పూతను గూర్చి రెండు సంగతులు వ్రాసినాడు. మైనమును నిప్పుపై కరగించి, రంగు కలిపి, కుంచెతో ఓడలకు పూయుదురనియు, ఎండగాని ఉప్పుగాని గాలిగాని ఆ పూతను చెరుపజాలవనియు ఒకటి. ఓడల నుండి గీకి తీసిన పాత కీలును, మైనమును మందుగా వాడుదురని రెండవది. ఈ రెండవ సంగతి మొదటిదానిని సవరించుచున్నది. చెడని పూతయే యైనచో దానిని గీకి తీయవలసిన పని యేమి?

పదుమూడవ శతాబ్దమున వెనీసు నుండి బయలుదేరిన మార్కోపోలో హోర్ముజ్ రేవులో మేకులు లేక కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టిన ఓడలను చూచి, వానికి కీలునకు మారుగా చేపనూనె పూయుదురని వ్రాసినాడు. చీనా ఓడలకు సున్నమును, తరిగిన నారను, ఒక చెట్టు నూనెను కలిపి మెదిపి పూయుదురట. ఏడాది తిరిగి ఓడ మరమ్మతునకు వచ్చినపుడు పాత పలకలపై మరియొక వరుస పలకలు కొట్టుదురనియు, ఆరు వరుసలగు వరకు ఇట్లే సాగింతురనియు, ఆపైన ఆ ఓడను నడిసముద్రమునకు పంపరనియు ఆయన చెప్పినాడు. ఆ పద్ధతిలో ఓడకు రక్షణయు పెరిగెను, బరువును పెరిగెను.

మన కోరమండల తీరమున అలల తాకిడికి విరుగక వంగుటకై మసూలా పడవలను మేకులు లేక కుట్టుచుండిరి. పెద్ద ఓడలకు గుగ్గిలమును నూనెతో కాచి పూయుట మన దేశమున చిరకాలపు వాడుక. గోదావరీ ముఖమున నున్న కోరంగి పందొమ్మిదవ శతాబ్దారంభమున ఓడల నిర్మాణమునకును, మరమ్మతునకును పేరు గాంచిన రేవు. 1839 నవంబరు 25వ తేదీని వచ్చిన తుఫాను ఉప్పెన పిదప అది పూర్వవైభవమును మరల పొందలేదు. రేవు పోయినచో ఓడలు మాత్రమే పోవు; వానిని బాగుచేయు నేర్పును చెదరిపోవును.

ఇంతవరకు చెప్పినవి కొయ్యను కప్పివేయు పూతలు. కొయ్య చారలు కనుపించునట్లు పూయు పారదర్శకమగు వార్నిష్ పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా, అమెరికాలలో విహారనౌకలు పెరిగిన కొలది ప్రచారమునకు వచ్చెను. అవిసె నూనెలో చెట్ల జిగురును కాచి, టర్పెంటైనుతో పలుచన చేసినది ఆ వార్నిష్. తెరచాప కొయ్యలు గాలికి వంగును. గట్టి పూత వానిపై బీటలు వారును. అందుచేత నూనె పాలు హెచ్చించి, సాగుడు గల పూతను కాచిరి. స్పార్ వార్నిష్ అను పేరు ఆ కొయ్యల నుండి వచ్చినదే.

పారదర్శకత దీని అందము, బలహీనతయు నదియే. రంగు వెలుగును అడ్డగించును. ఇది లోనికి పోనిచ్చును. ఎండలోని అతినీలలోహిత కిరణములు కొయ్య పైపొరలోని లిగ్నిన్ అను బంధక పదార్థమును చెరుపగా పూతకు పట్టు సడలును. త్రాడు రాపిడికో, లంగరు తగులుటకో పూత చిట్లిన చోట నీరు చొరబడి అంచుల క్రిందికి ప్రాకును. మొదట తెల్లని మచ్చ, పిదప పొక్కు, తుదకు కొయ్యలో నల్లని మరక. విచిత్రమేమనగా, ఇందు సముద్రజలము కంటె వాననీరే ఎక్కువ ప్రమాదకరము. కొయ్యను కుళ్లజేయు బూజు మంచినీటి తడిలోనే సుఖముగా పెరుగును.

ఈ సంగతి ఎరిగిన నావికులు మచ్చ కనుపించిన నాడే పని మొదలిడుచుండిరి. వదులైన పూతను, గట్టిగా పట్టియున్న అంచు వరకు గీకుదురు. మంచినీట కడిగి బాగుగా ఆరనిత్తురు. ఉప్పు మిగిలినచో తేమను పీల్చి క్రొత్త పూతను లేపును. గరుకు కాగితముతో అంచును మెట్టువలె నుండనీయక ఏటవాలుగా అరుగదీయుదురు. మొదటి పూతను టర్పెంటైనుతో మిక్కిలి పలుచన చేసి కొయ్యకు త్రాగింతురు. తరువాతి పూతలను క్రమముగా చిక్కన చేయుచు, ఒక్కొక్కటి వెనుకటిదాని కంటె కొంచెము వెడల్పుగా, ఆరిన పిదప సన్నగా రుద్ది వేయుదురు. అనేక పూతలు పడినగాని ఆ చోటు చుట్టుప్రక్కల మందముతో సమము కాదు. బెత్తెడు చోటునకు వారము దినములు పట్టవచ్చును. కాని విడిచిన బెత్తెడు మరుసటి ఋతువునకు బారెడగును.

ఇరువదవ శతాబ్దమున రసాయనశాస్త్రము ఈ రంగమున ప్రవేశించెను. 1907లో లియో బేక్లాండ్ సాధించిన ఫినాలిక్ పదార్థముల జాతివి టంగ్ నూనెతో చేరి నీటికి బాగుగా ఓర్చు వార్నిష్‌లైనవి. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ పాలీయూరిథేన్‌ను కనుగొనెను. రెండు ద్రవములను కలిపి పూయు ఈ జాతి పూతలు గట్టివి, చిరకాలము మెరయును. ఐనను మరమ్మతు తప్పలేదు. మరింత నేర్పును కోరినది. గట్టిపడిన పాలీయూరిథేన్‌లో క్రొత్త పూత కరగి కలిసిపోదు. గరుకుచేసిన గీతలను పట్టుకొని నిలువవలసినదే. పాత నూనె వార్నిష్‌పై దీనిని పూసినచో, ఇందలి ఘాటైన ద్రావకము అడుగు పూతను ముడుతలు పెట్టి లేపవచ్చును. దేనిపై దేనిని పూయుచున్నామో తెలియనివాడు చిన్న గాయమును పెద్దది చేయును.

నేడు మన తీరమున కొయ్య తెప్పలకు బదులు ఫైబరు పడవలు విశేషముగా కనుపించుచున్నవి. ఫైబరు కుళ్లదు గదా, దానికి మరమ్మతు ఏల యని భ్రమపడుట సులభము. ఇసుకపై లాగగా లాగగా పై పొర అరిగి గాజునార బయటపడినచో, నీరు ఆ నార వెంబడి లోనికి చొచ్చును. వస్తువు మారినది గాని న్యాయము మారలేదు. కడుగుట, ఆరనిచ్చుట, గీకుట, అంచు అరుగదీయుట, మరల పూయుట, ఇవి ఐదును నాడెట్లో నేడును అట్లే.

వేట మీద బ్రదుకువానికి పడవ ఒడ్డున పడియున్న ప్రతి దినమును పస్తే. వేట లేని రోజులలో చేయదగిన పనిని వేట రోజులకు తెచ్చుకొనకుండుటయే ఈ విద్య యొక్క పరమార్థము. గోటితో పోవుదానికి గొడ్డలి ఏల యని మన పెద్దలు ఊరక అనలేదు.