బోహోల్ ప్రావిన్సు

బోహోల్ ఫిలిప్పీన్స్ దేశంలోని మధ్య విసాయాస్ ప్రాంతానికి చెందిన ఒక ద్వీప ప్రావిన్సు. దీని ముఖ్యపట్టణం టగ్బిలారన్. ప్రావిన్సు వైశాల్యం సుమారు 4,821 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 13,94,329. పరిపాలన నిమిత్తం ఒక నగరము, 47 మునిసిపాలిటీలు ఉన్నవి. సెబువానో భాషకు మాండలికమైన బోహోలానో ఇక్కడి వాడుక భాష. ప్రజలలో అత్యధికులు రోమన్ కాథలిక్కులు.

పగడపు రాతితో కట్టిన స్పానిష్ కాలపు చర్చిలు, 'చాక్లెట్ కొండలు' అనబడే సున్నపురాతి గుట్టలు, పాంగ్లావ్ దీవి సముద్రతీరం ఈ ప్రావిన్సుకు ప్రసిద్ధి తెచ్చినవి. 2013 భూకంపంలో ఇక్కడి ప్రాచీన చర్చిలు అనేకం కూలిపోయినవి. వాటిలో ముఖ్యమైన కొన్నింటిని తరువాతి సంవత్సరాలలో మరల నిర్మించారు.

చరిత్ర

1565 మార్చిలో స్పానిష్ నౌకాదళ నాయకుడు మిగేల్ లోపెజ్ దె లెగాస్పి బోహోల్ తీరానికి చేరుకున్నాడు. స్థానిక నాయకుడు సికతూనా, లెగాస్పి తమ రక్తపు చుక్కలను పానీయంలో కలిపి త్రాగి మైత్రి చేసుకున్నారు. దీనిని 'సందుగో' అంటారు. ఒకే రక్తము అని దీని భావం. చిత్రకారుడు హువాన్ లూనా 1886లో ఈ ఘట్టాన్ని చిత్రించాడు. ప్రతి సంవత్సరం జూలైలో టగ్బిలారన్‌లో సందుగో ఉత్సవం జరుగుతుంది.

1596లో జెసూయిట్ మతగురువులు బక్లాయోన్‌లో తమ కేంద్రాన్ని స్థాపించారు. 1600లో దక్షిణాది నుండి వచ్చిన మోరో దళాలు తీరంపై దాడి చేయగా, కేంద్రాన్ని నదికి ఎగువన ఉన్న లోబోక్‌కు మార్చారు. 1768లో స్పెయిన్ ప్రభుత్వం జెసూయిట్లను బహిష్కరించిన తరువాత, రికలెక్టులనే అగస్టీనియన్ శాఖవారు ఈ చర్చిల బాధ్యతను స్వీకరించారు.

పరాయి పాలనను బోహోల్ ప్రజలు మౌనంగా భరించలేదు. 1621లో తంబ్లోత్ అనే పూజారి నాయకత్వాన తిరుగుబాటు జరిగినది. 1744లో ఫ్రాన్సిస్కో దగోహోయ్ ఆరంభించిన తిరుగుబాటు 1829 వరకు, అనగా 85 సంవత్సరాలు కొనసాగినది. ఫిలిప్పీన్స్ చరిత్రలో ఇంత దీర్ఘకాలం సాగిన తిరుగుబాటు మరొకటి లేదు. తన సోదరునికి క్రైస్తవ పద్ధతిలో ఖననం జరిపించడానికి మతగురువు నిరాకరించడమే దగోహోయ్ ఆగ్రహానికి తక్షణ కారణం. వెట్టిచాకిరీ, పన్నుల భారం వలన వేలాదిమంది అతని పక్షాన చేరారు. ఇక్కడి చర్చిలను చూచునపుడు ఈ నేపథ్యం కూడ గుర్తుంచుకోవలెను.

చర్చి ముందరి ప్లాజా

స్పానిష్ పాలనకు పూర్వం ప్రజలు తీరం వెంబడి, నదుల ఒడ్డున చెదురుమదురుగా నివసించేవారు. పాలకులు వారిని ఒకచోట చేర్చి పట్టణాలుగా ఏర్పరచారు. చర్చి గంట వినబడేంత దూరంలో ఇళ్ళు ఉండవలెనన్నది వారి విధానం. 1573 నాటి స్పానిష్ రాజశాసనం పట్టణం నడుమ ఒక బహిరంగ స్థలం ఉండవలెనని నిర్దేశించినది. ఈ స్థలమే ప్లాజా.

బోహోల్‌లోని పాత పట్టణాలన్నింటికి చర్చి, మతగురువు నివాసం, ప్లాజా కలిసి కేంద్రంగా ఉంటాయి. ఆదివారం ప్రార్థన, ఊరేగింపు, తిరునాళ్ళు, పిల్లల ఆటలు, పెద్దల కబుర్లు అన్నింటికీ ఈ ఒక్క స్థలమే ఆధారం. కనుక ఇక్కడి ఆటలను, చర్చిలను, విహారాన్ని విడివిడిగా కాక కలిపి చూడవలసి ఉంటుంది.

సాంప్రదాయ క్రీడలు

బోహోల్ ఆటలు చాలావరకు విసాయాస్ దీవులన్నింటిలోను ఆడేవే. వీటికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. గవ్వలు, రాళ్ళు, వెదురు కర్రలు, ఖాళీ డబ్బా ఉంటే చాలును.

సుంకా: ఇది ఇద్దరు ఆడే ఆట. పడవ ఆకారంలో ఉండే కొయ్య పలకపై ఒక్కొక్క ప్రక్క ఏడేసి చిన్న గుంటలు, రెండు కొనలలో ఒక్కొక్క పెద్ద గుంట ఉంటాయి. చిన్న గుంట ఒక్కొక్కదానిలో 7 చొప్పున మొత్తం 98 గవ్వలు వేస్తారు. ఆటగాడు తన వైపు గుంటలోని గవ్వలన్నీ తీసి, వరుసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోతాడు. తన పెద్ద గుంటలో కూడ ఒకటి వేస్తాడు, ఎదుటివాని పెద్ద గుంటను మాత్రం వదిలివేస్తాడు. చివరి గవ్వ తన పెద్ద గుంటలో పడితే మరల ఆడవచ్చును. గవ్వలున్న చిన్న గుంటలో పడితే వాటిని తీసుకొని ముందుకు సాగుతాడు. తన వైపు ఖాళీ గుంటలో పడితే దానికి ఎదురుగా ఉన్న గుంటలోని గవ్వలు అతనివే. ఎదుటివాని వైపు ఖాళీ గుంటలో పడితే వంతు ముగుస్తుంది. మరుసటి ఆటలో నింపడానికి గవ్వలు చాలని గుంటను 'కాలిపోయినది' అంటారు. తెలుగువారి వామనగుంటలు ఈ కుటుంబానికే చెందిన ఆట. అయితే వామనగుంటల పీటపై సాధారణంగా పధ్నాలుగు గుంటలే ఉంటాయి, కొనలలో పెద్ద గుంటలు ఉండవు.

సియాతోంగ్: ఇది మన బిళ్ళంగోడు వంటిది. నేలపై చిన్న గాడి తీసి, పొట్టి కర్రను దానిపై అడ్డంగా ఉంచి, పొడవు కర్రతో ఎగురగొడతారు. కర్ర పడిన దూరాన్ని పొడవు కర్రతోనే కొలుస్తారు. ఓడినవారు ఊపిరి తీయకుండా 'సియాతోంగ్' అని అరుస్తూ నిర్ణయించిన దూరం పరుగెత్తవలెను. ఊపిరి నిలిపి కూత పెట్టే ఈ పద్ధతి కబడ్డీ ఎరిగిన తెలుగు పాఠకులకు సుపరిచితమే.

తుబిగ్-తుబిగ్: 'తుబిగ్' అనగా నీరు. పొడి నేలపై నీళ్ళు పోసి గీతలు గీయడం వలన ఈ పేరు వచ్చినది. టగాలోగ్ భాషలో దీనిని 'పటింటెరో' అంటారు. ఒక జట్టువారు గీతలపై నిలిచి కాపలా కాస్తారు. రెండవ జట్టువారు వారికి చిక్కకుండా ఈ కొస నుండి ఆ కొసకు దాటి, తిరిగి రావలెను. కాపలావారు గీతను విడువరాదు. వెన్నెల రాత్రులలో ప్లాజాలలో, ఇళ్ళ ముంగిళ్ళలో ఈ ఆట ఎక్కువగా ఆడేవారు.

బాటో-లాటా: నిలబెట్టిన డబ్బాను రాతితో గాని, చెప్పుతో గాని కొట్టి పడగొట్టే ఆట. కాపలావాడు డబ్బాను తిరిగి నిలబెట్టేలోపు కొట్టినవారు తమ వస్తువులను తీసుకొని గీత దాటవలెను.

ఇవి గాక తొక్కుడుబిళ్ళను పోలిన 'పికో', దాగుడుమూతలను పోలిన 'తాగో-తాగో', కాలితో ఎగురవేస్తూ నేలకు పడకుండా ఆడే 'తక్యాన్', వెదురు పొయ్యకాళ్ళపై నడిచే 'కడంగ్-కడంగ్' ఉన్నవి. తిరునాళ్ళలో నూనె పూసిన వెదురు గడ ఎక్కే 'పాలోసేబో' పోటీ పెడతారు.

కోడిపందాలు పెద్దల వినోదం. 1521లో మెగెల్లాన్ యాత్రలో పాల్గొన్న పిగఫెట్టా ఈ దీవులలో కోడిపుంజుల పోరాటాలను చూచి వ్రాశాడు. 1974 నాటి ప్రభుత్వ ఉత్తర్వు అనుమతి పొందిన బరులలో, నిర్ణీత దినాలలో మాత్రమే పందాలకు వీలు కల్పించినది.

సాంప్రదాయ క్రీడలను పాఠశాలల ద్వారా నిలుపుటకు ఫిలిప్పీన్స్‌లో 'లారో నాంగ్ లాహి' (జాతి ఆటలు) అనే కార్యక్రమం చేపట్టారు. అయితే వ్యాయామ తరగతిలో ఆడే ఆట వేరు, సాయంకాలం పిల్లలే గుమికూడి, నియమాలపై తగవులాడి, తామే తీర్పు చెప్పుకొని ఆడే ఆట వేరు. రెండవదానికి ఉపాధ్యాయుని కంటె ఖాళీ స్థలము, తీరిక ముఖ్యం.

ప్రాచీన చర్చిలు

బోహోల్ చర్చిలకు ప్రధాన నిర్మాణ సామగ్రి సముద్రం నుండి తెచ్చిన పగడపు రాయి. దానిని దిమ్మెలుగా చెక్కి, సున్నంతో కలిపి గోడలు కట్టారు. గుడ్డు తెల్లసొనను సున్నంలో కలిపేవారని స్థానికంగా చెప్పుకుంటారు.

బక్లాయోన్ చర్చి: అమలోద్భవి మాత పేరిట వెలసిన ఈ చర్చి 1727లో పూర్తయినది. సుమారు 200 మంది స్థానికుల చేత నిర్బంధంగా పని చేయించి దీనిని నిర్మించారు. ప్రక్కనున్న మతగురువు నివాసంలో పాత విగ్రహాలు, వస్త్రాలు, గ్రంథాలతో ప్రదర్శనశాల ఏర్పాటు చేశారు.

లోబోక్ చర్చి: పునీత పేతురు పేరిట 1734లో నిర్మించారు. గంట గోపురం చర్చికి దూరంగా, నది ఒడ్డున విడిగా ఉంటుంది. నది వరదలను ఈ చర్చి అనేక పర్యాయములు చవిచూచినది. ఒకప్పుడు తలపెట్టిన ఒక కాంక్రీటు వంతెన పూర్తయితే చర్చి ఆవరణకు ముప్పు వాటిల్లేది. ప్రజల అభ్యంతరం వలన పని నిలిచిపోయినది. మధ్యలో ఆగిన ఆ వంతెన లోబోక్‌కు వచ్చిన యాత్రికులకు ఒక వింతగా కనిపించేది.

లోఓన్ చర్చి: వెలుగు మాతకు అంకితమైన ఈ చర్చిని రికలెక్టులు 19వ శతాబ్ది మధ్యభాగంలో నిర్మించారు. ఇది ప్రావిన్సులోని చర్చిలన్నింటిలో పెద్దదిగా పేరు పొందినది. కొండపైనున్న చర్చిని దిగువ ఊరితో కలుపుతూ పాతకాలపు రాతి మెట్లదారి కలదు.

దావిస్ చర్చి: దీని బలిపీఠం చెంత మంచినీటి బావి ఉన్నది. సముద్రపు దొంగలకు వెరచి ప్రజలు చర్చిలో తలదాచుకొనగా ఈ ఊట పుట్టినదని స్థానిక గాథ. ఈ నీటికి రోగాలను నయం చేసే శక్తి ఉన్నదని భక్తుల విశ్వాసం.

అల్బుర్కేర్కే చర్చి: మతగురువు నివాసాన్ని, చర్చిని కలిపే కమానుల దారి దీని ప్రత్యేకత. సెబూకు చెందిన చిత్రకారుడు రే ఫ్రాన్సియా 20వ శతాబ్ది తొలి భాగంలో బోహోల్‌లోని పలు చర్చిల లోకప్పులపై బైబిలు ఘట్టాలను చిత్రించాడు. వాటిలో ఇది ఒకటి.

సముద్రపు దాడులను ముందుగా పసిగట్టుటకు తీరం వెంబడి కావలి బురుజులు కట్టారు. మరిబోహోక్ సమీపంలోని పుంటా క్రూజ్ బురుజు (1796), పాంగ్లావ్ బురుజు వీటిలో ముఖ్యమైనవి.

2013 భూకంపము, పునర్నిర్మాణము

2013 అక్టోబరు 15 ఉదయం 8 గంటల 12 నిమిషాలకు బోహోల్‌లో 7.2 తీవ్రతతో భూకంపం సంభవించినది. దీని కేంద్రం సగ్బాయన్ ప్రాంతం. అప్పటివరకు గుర్తించని ఒక భూభ్రంశం దీనికి కారణమని తేలినది. ఇనబంగా వద్ద నేల చీలి, ఒక భాగం సుమారు మూడు మీటర్ల ఎత్తుకు గోడవలె లేచినది. ఈ విపత్తులో 222 మంది మరణించారు. 73 వేలకు పైగా ఇళ్ళు దెబ్బతిన్నవి. ఆ రోజు బక్రీదు సెలవు కావడం వలన పాఠశాలలు, కార్యాలయాలు మూసి ఉన్నవి. లేనియెడల ప్రాణనష్టం మరింతగా ఉండెడిది.

లోఓన్, మరిబోహోక్ చర్చిలు నేలమట్టమైనవి. లోబోక్ చర్చి ముందుభాగం, గంట గోపురం పైసగం కూలిపోయినవి. బక్లాయోన్ చర్చి ముఖద్వారము, గోపురము ధ్వంసమైనవి.

తరువాత ఎదురైన ప్రశ్న క్లిష్టమైనది. ఇళ్ళు కోల్పోయిన ప్రజలు ఒకవైపు ఉండగా చర్చిలకు నిధులు వెచ్చించడం న్యాయమా? కట్టినచో పూర్వపు రూపంలో కట్టవలెనా, భూకంపాలకు తట్టుకునే ఆధునిక కట్టడం నిర్మించవలెనా? చివరకు ముఖ్యమైన వారసత్వ చర్చిలను పాత రూపంలోనే నిలపాలని, లోపల గోడలకు కొత్త బలం చేకూర్చాలని నిర్ణయించారు. శిథిలాల నుండి పగడపు దిమ్మెలను ఏరి, వేరుచేసి భద్రపరచారు. దేశ జాతీయ మ్యూజియం, జాతీయ చారిత్రక సంఘం ఈ పనులను చేపట్టినవి. లోబోక్, లోఓన్ చర్చిలు 2021లో పూర్తయి తిరిగి విశ్వాసులకు అప్పగించబడినవి.

అంతవరకు తాత్కాలిక పందిళ్ళలో ప్రార్థనలు జరిగినవి. భూకంపం నాటికి ఆరేళ్ళ వయసున్న పిల్లలు తమ ఊరి చర్చిని తిరిగి చూచేసరికి పధ్నాలుగేళ్ళవారయ్యారు. ఒక బాల్యమంతా ఆ నిరీక్షణలోనే గడిచినది.

విహార స్థలాలు

చాక్లెట్ కొండలు: కార్మెన్, బటువాన్, సగ్బాయన్ పరిసరాలలో కనీసం 1,268 గుట్టలు ఉన్నవి. చాలావరకు 30 నుండి 50 మీటర్ల ఎత్తు కలిగి, బోర్లించిన గిన్నెలవలె దాదాపు ఒకే ఆకారంలో ఉంటాయి. పూర్వం సముద్రగర్భంలో ఏర్పడిన సున్నపురాయి పైకి లేచి, వాననీటి కోతకు ఈ రూపం దాల్చినది. ఎండాకాలంలో వీటిపై గడ్డి ఎండి గోధుమరంగుకు మారుతుంది, అందుకే ఈ పేరు. అరోగో అనే రాక్షసుడు తన ప్రేయసి అలోయా మరణించినపుడు కార్చిన కన్నీటి బిందువులే ఈ కొండలని జానపద గాథ. 1988లో వీటిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు.

లోబోక్ నది: పచ్చని కొబ్బరితోటల మధ్య తేలియాడే భోజనశాలలలో నదీవిహారం చేయవచ్చును. లోబోక్ సంగీతానికి కూడ ప్రసిద్ధి. 1980లో ఏర్పడిన లోబోక్ బాలల గాయకబృందం విదేశాలలో సైతం బహుమతులు పొందినది.

టార్సియర్ అభయారణ్యం: కోరెల్లాలో ఉన్నది. టార్సియర్ అరచేతిలో ఇమిడే చిన్న నిశాచర జంతువు. దీని కళ్ళు గుంతలలో కదలవు, అందువలన తలను దాదాపు వెనుకకు త్రిప్పి చూస్తుంది. పగటిపూట ఇది విశ్రమిస్తుంది కనుక సందర్శకులు నిశ్శబ్దం పాటించవలెను, తాకరాదు.

పాంగ్లావ్ దీవి: వంతెనల ద్వారా బోహోల్‌తో కలుపబడినది. అలోనా తీరంలోని తెల్లని ఇసుక, దావిస్‌లోని హినగ్దానన్ గుహ, సమీపంలోని బలికసాగ్ దీవి పగడపు దిబ్బలు ప్రధాన ఆకర్షణలు. 2018 నవంబరులో ఇక్కడ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైనది.

బిలార్ అడవి: మనుషులు నాటిన మహాగని వృక్షాలు రహదారికి రెండు వైపుల సుమారు రెండు కిలోమీటర్ల మేర నీడనిస్తాయి.

తిరునాళ్ళు

మే మాసం బోహోల్‌కు తిరునాళ్ళ మాసం. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క తేదీన తన పాలక పునీతుని పండుగ జరుపుకుంటుంది. ఉపాధి నిమిత్తం మనీలాకు, విదేశాలకు వెళ్ళినవారు ఈ మాసంలో స్వగ్రామాలకు వస్తారు. పరిచయం లేనివారికి సైతం ఇంటింట భోజనం పెడతారు. లోబోక్‌లో మే నెలాఖరున 'బోలిబోంగ్ కింగ్‌కింగ్' పేరిట గ్వాదలూపే మాత ఎదుట డప్పులు, కంచు వాద్యాల లయకు నృత్యం చేస్తారు.

పరిరక్షణ

2021 డిసెంబరులో సంభవించిన ఓడెట్ తుఫాను బోహోల్‌లో వందమందికి పైగా ప్రాణాలు బలిగొన్నది. లోబోక్ తదితర ప్రాంతాలు నీట మునిగినవి. 2023 మేలో యునెస్కో బోహోల్‌ను ఫిలిప్పీన్స్‌లోని మొదటి ప్రపంచ జియోపార్కుగా గుర్తించినది. మరుసటి సంవత్సరమే, 2024 మార్చిలో, చాక్లెట్ కొండల నడుమ ఈతకొలనుతో నిర్మించిన ఒక విహారకేంద్రం చిత్రాలు బయటికి రాగా దేశవ్యాప్తంగా నిరసన వ్యక్తమైనది. ఆ కేంద్రాన్ని తాత్కాలికంగా మూసివేయించారు. రక్షిత ప్రాంతంలో ప్రైవేటు భూములున్నవారి హక్కులకు, సహజ సంపద రక్షణకు మధ్య సమన్వయం అవసరమని ఈ సంఘటన తెలియజేసినది.

కూలిన చర్చిని రాయి రాయిగా పేర్చి మరల నిలుపవచ్చునని బోహోల్ నిరూపించినది. కోతకు గురైన గుట్టను మాత్రం అట్లు తిరిగి నిలుపుట సాధ్యం కాదు. ఆడేవారు లేక మరుగైన ఆటను నేర్పించుటకు కూడ దానిని ఎరిగిన పెద్దలు జీవించి ఉన్నంతవరకే అవకాశం ఉంటుంది.

ఇవి కూడా చూడండి

ఫిలిప్పీన్స్
సెబూ
వామనగుంటలు
బిళ్ళంగోడు
మెగెల్లాన్