ముడి నుండి కుట్టునకు

మాసిన బట్టలు వేసికొనుటకు ఇంటిలోనే కుట్టుకొన్న గుడ్డ సంచి యొకటి నేడు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలోని యెన్నో గృహములలో తలుపు వెనుకనో, స్నానపుగది ప్రక్కనో వ్రేలాడుచుండును. చరిత్ర గ్రంథములలో దీనికి చోటు లేదు. అయినను, ఈ సంచి మన యిండ్లలోనికి ఎందుచేత వచ్చినదని విచారించినచో, ఇంటి మురికిని వదలించు శ్రమ ఏ చేతి నుండి ఏ చేతికి మారినదో తెలియగలదు. ఆ మార్పును గురించి నాలుగు మాటలు చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

పూర్వము మాసిన బట్టలను సంచిలో దాచుకొనవలసిన అవసరము లేదు. చాకలి యింటికి వచ్చి, పాత దుప్పటి నొకదానిని నేలపై పరచి, బట్టలు లెక్కించి, నాలుగు చెంగులు కలిపి ముడివేసి, ఆ మూటను నెత్తిన పెట్టుకొని రేవునకు పోయెడివాడు. చాల యిండ్లలో ఈ పని చాకలి స్త్రీలే చేసెడివారు. ఎన్ని బట్టలు వేసినది ఇల్లాలు గోడమీద బొగ్గుతో గీతలు గీసి గుర్తుంచుకొనెడిది. 'చాకలి పద్దు' అను మాట మన భాషలో నిలిచిపోయినది. తెనాలిలో మేము చిన్నవారముగా నున్నప్పుడు, వంటింటి గోడమీది ఆ గీతలను మేమును చూచితిమి.

ఇల్లాలికి గోడ యున్నది. మరి నాలుగు వీధుల బట్టలను ఒక్కచోట కలిపి ఉతుకు వారికి ఏది యెవరిదో తెలియుట యెట్లు? దానికి వారు నల్లజీడి గింజను ఉపయోగించిరి. ఆ గింజ పైపెచ్చు నుండి కారు రసమును బట్ట అంచున చుక్కగా పెట్టి, సున్నము తగిలించినచో నల్లని గుర్తు పడును. ఎన్ని ఉతుకులకైనను అది పోదు. ఇంటి కొక గుర్తు. అక్షరము రాని వారు గూడ వందల బట్టలను తప్పులేకుండ ఇంటింటికి చేర్చగలిగినది ఈ విద్య వలననే.

వారి ఉతుకుడులో శాస్త్రమును కలదు. చవుడు మన్నులో సోడా క్షారము ఉండును. ఆ మన్ను కలిపిన నీటిలో బట్టలను తడిపి, బానపై పేర్చి, క్రింద మంట పెట్టి ఆవిరి పట్టించుటను ఉబ్బ వేయుట అందురు. క్షారము జిడ్డును విడదీయును. ఆవిరి నూలుపోగులలోని మురికిని వదలించును. తరువాత బండపై బాది, పారు నీటిలో జాడించెడివారు. బెజవాడవద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తియైన పిదప పశ్చిమ డెల్టాకు కాలువలు వచ్చినవి. తెనాలి పట్టణము నడుమనే మూడు కాలువలు పారుచున్నవి. చెరువు నీటితో సరిపుచ్చుకొన్న ఊళ్లకు పారు నీరు లభించినది. సేద్యమునకై త్రవ్విన కాలువ గట్లు చాకిరేవులుగూడ నైనవి.

ఈ సేవకు ప్రతిఫలము రూకలలో కాదు. పంట కళ్లములో 'మేర' అని కొంత ధాన్యము కొలిచెడివారు. సాయంకాలము ఇంటింట అన్నము పెట్టెడివారు. ఏర్పాటు చూచుటకు సుఖముగనే యుండెను. కాని పురిటి గుడ్డలు, రోగుల పక్కగుడ్డలు, ఇంటివారు ముట్టుకొన నొల్లని మైలబట్టలు అన్నియు ఆ మూటలోనే పోయెడివి. పుట్టుక చేత ఒక కులమువారే వానిని మోయవలెను. కాదనుటకు వీలు లేదు. ముడి వేసిన తరువాత మురికి మన కంటికి కనబడదు. సౌకర్యము మనది, బరువు వారిది.

స్వాతంత్ర్యము తరువాత ఈ ముడి క్రమముగా సడలినది. రజకుల బిడ్డలు బడికి పోయిరి. పలువురు ఇతర వృత్తులలోను, ఉద్యోగములలోను ప్రవేశించిరి. ధాన్యపు మేర పోయి కూలి డబ్బు వచ్చినది. పట్టణములలో లాండ్రీ దుకాణములు, వీధి మలుపులలో ఇస్త్రీ బండ్లు వెలసినవి. బట్టయు మారినది. టెరిలిను వంటి గుడ్డకు ఉబ్బ పనికిరాదు, అవసరమును లేదు. 1959లో సర్ఫ్ పొడి మన దేశములో అమ్మకమునకు వచ్చినది. 1969లో అహమ్మదాబాదున నిర్మా పుట్టి, చవుక ధరకు సామాన్యుల యిండ్లకు చేరినది. మూట గడప దాటుట మానినది. మాసిన బట్ట ఇంటిలోనే, ఉతుకు రోజు వరకు, వేచియుండవలసి వచ్చినది. సంచికి పని కలిగినది అప్పుడు.

ఆ సంచిని కుట్టిన చేతుల చరిత్ర వేరు. చీర, పంచె, కండువా కుట్టు లేని బట్టలు. కనుక మన యింట సూదికి చిరుగులు కుట్టుటయే ముఖ్యమైన పని. 1842లో ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చిన పిదప, లూథరన్ మిషను వారును, బాపట్ల ప్రాంతమున బాప్టిస్టు మిషను వారును పాఠశాలలు పెట్టిరి. మిషనరీల బాలికా పాఠశాలలలో కుట్టుపని ఒక పాఠమై యుండెడిది. 1921లో బెజవాడ కాంగ్రెసు సభ ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించిన నాట, నూలుపని దేశసేవయైనది. సింగరు 1851లో అమెరికాలో హక్కు పొందిన కుట్టుయంత్రము అప్పటికే మన దేశము చేరియున్నది. యంత్రములను విమర్శించిన గాంధీజీ సహితము, 1924లో, ఈ యొక్క యంత్రమును మినహాయింపుగా పేర్కొనిరి. 1952లో సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన తరువాత మహిళా మండలులు గ్రామములలో కుట్టుపని నేర్పినవి. ఈ విధముగా సూది బడి నుండి, ఉద్యమము నుండి, మండలి నుండి ఇల్లు చేరినది.

సంచి కుట్టుట తేలికయే. గజము వెడల్పుగల ముతక నూలుగుడ్డ మీటరున్నర చాలును. దానిని సగమునకు మడచినచో అడుగున కుట్టు ఉండదు, బరువునకు తెగదు. రెండు ప్రక్కలు ఒకమారు పైవైపున కుట్టి, తిరగదీసి, మరల లోపలివైపున కుట్టినచో పోగులు ఊడవు. మూతివద్ద నాలుగు వ్రేళ్ల మడత విడిచి బొందు దూర్చవలెను. నూలుగుడ్డయే యెందుకనగా, మన తీరప్రాంతపు గాలిలో తేమ హెచ్చు. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో చెమట బట్టలు బూజు పట్టును; గుడ్డ సంచిలో గాలి ఆడును. తడి బట్టను మాత్రము ఆరవేసిన పిమ్మటనే లోపల వేయవలెను.

ఒకరి నెత్తి మీది మూట దిగినది. ఇది మేలైన మార్పు, సందేహము లేదు. కాని ఆ బరువు ఎక్కడ దిగినదో గూడ చూడవలెను. సంచి నింపువారు ఇంటిల్లిపాదియు. విప్పి, ఉతికి, ఆరవేయునది పెక్కు గృహములలో ఒక్క ఇల్లాలే. ఉతుకుయంత్రము వచ్చిన యిండ్లలో సైతము బట్టలు ఏరునది, మడచునది ఆమెయే. కులమును బట్టి పంచిన పనిని విడిచినవారము, స్త్రీ యను కారణముచేత మరల పంచుకొనుట న్యాయమా? ఈ ఆదివారము సంచి బొందు విప్పు వంతు ఎవరిదో ఇంటిలో ఒకమారు అడిగి చూడుడు. గోడమీద గీతలు గీసి యైనను, ఆ పద్దు అందరి పేర వ్రాయవచ్చును.